నారింజ కోటు వెనక

ఆ వీధిలో ఆమెను అందరూ బొత్తాలత్త అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒక పట్టాన పలకదు. ఎవరింట్లో బొత్తం ఊడినా ఆమె దగ్గరికే పరుగు. ఆమె మంచం కింద ఉన్న రేకు డబ్బాలో దొరకని బొత్తం లేదు. దారిన పోయే మనిషిని ఒక్క చూపు చూసి, "ఆ చొక్కాకి మెడ కిందది దానితో పుట్టింది కాదు" అని చెప్పేస్తుంది. అడక్కపోయినా చెబుతుంది. అందుకే కాస్త నలిగిన చొక్కా తొడుక్కున్నవాళ్ళు ఆమె గుమ్మం ముందు తొందరగా అడుగులేస్తారు.

వయసులో ఉన్నప్పటి నుంచీ ఆమె గొడుగుల కార్ఖానాలో బట్ట కుట్టింది. కార్ఖానా మూతపడ్డాక పెద్ద పార్కులోని అద్దాల తోటలో పనికి కుదిరింది. అది సీతాకోకచిలుకల ఇల్లు. గోడలూ అద్దాలే, కప్పూ అద్దమే. లోపల ఎప్పుడూ ఉక్కగా, తడిగా ఉంటుంది. పైన గొట్టాల్లోంచి సన్నటి జల్లు పడుతుంది. మాగిన పళ్ళు కోసి పళ్ళాల్లో సర్దడం, రాలిన ఆకులు ఏరడం, చచ్చిన సీతాకోకల్ని మెత్తటి కుంచెతో ఎత్తి డబ్బాలో వెయ్యడం ఆమె పని. లోపలికి పోవాలంటే రెండు అద్దాల తలుపులు దాటాలి. మొదటిది మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. మధ్యలో ఇరుకు గది. అందులో ఒక నిలువుటద్దం. బయటికి పోయేవాళ్ళు తమ వీపుకి ఏ సీతాకోకైనా అంటుకుని వచ్చేసిందేమో చూసుకోవడానికి పెట్టారు.

ఆ తోటలో పరిశోధన చేసే మేడం ఒకామె ఉంది. బొత్తాలత్త చేతిలో సూది ఎలా నడుస్తుందో చూసి, తనకి బట్టతో సీతాకోకల్ని కుట్టిపెట్టమంది. మామూలు బట్టైతే ఆ జల్లుకి వేలాడిపోతుంది కదా, అందుకని బొత్తాలత్త పాత కార్ఖానా యజమాని దగ్గర మిగిలిన గొడుగు బట్ట తెచ్చింది. నీళ్ళు నిలవని బట్ట, మంచి నారింజ రంగు. మేడం ఆ బట్ట సీతాకోకల్ని సన్నటి తీగెల చివర కట్టి, చిన్న మోటారుతో తిప్పేది. తిరుగుతుంటే రెక్కలు టపటపా కొట్టుకునేవి. అంతే, తోటలో ఉన్న నారింజ రంగు మగ సీతాకోకలన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాటి చుట్టూ మూగేవి.

బొత్తాలత్తకి ఒక విషయం తెలియకపోతే అన్నం అరగదు. "వీటికి కళ్ళు లేవా మేడం? నేను కుట్టిన గుడ్డపీలికని పట్టుకుని ఈ పాకులాటేమిటి?" అని అడిగింది.

"కళ్ళున్నాయి. ఆ కళ్ళు రెండే చూస్తాయి. ఒకటి రంగు, రెండోది ఊపు" అంది మేడం. "ఆడదో కాదో దూరం నుంచి పోల్చుకునేది వాటితోనే."

"మరి ఆకారం?"

"దాన్ని పెద్దగా పట్టించుకోవు. మీరు ఇంకాస్త పెద్ద రెక్కలు కుట్టండి, నేను ఇంకాస్త వేగంగా తిప్పుతాను, చూద్దాం."

తిప్పింది. పక్క ఆకు మీద నిజం ఆడది కూర్చుని రెక్కలాడిస్తుంటే, దాన్ని దాటుకుని మగవన్నీ గుడ్డ మీదికి పోయాయి. బొత్తాలత్త నోరు తెరుచుకుని చూసింది. అవి గుడ్డని తాకి, చుట్టూ ఒకసారి తిరిగి, వెళ్ళిపోయాయి.

"వెళ్ళిపోతున్నాయేం?"

"దగ్గరికొచ్చాక వాసన చూస్తాయి అత్తా. తమ జాతి వాసన లేకపోతే తప్పుకుంటాయి."

ఆ సంగతి ఆ సాయంత్రమే ఎదురింటి వదినకి చేరింది. "మా ఆయనా అంతే" అంది వదిన, చేటలో బియ్యం చెరుగుతూ. "పచ్చ గొడుగు పట్టుకున్న మనిషల్లా నేనే అనుకుంటాడు. మొన్న బజారులో ఎవరికో ఉల్లిపాయల సంచి అందించి ఇంటికొచ్చాడు. కనీసం ఆవిడ వాసనైనా చూడలేదు."

గొడుగు బట్ట ఇంకా చాలా మిగిలింది. వానాకాలం వచ్చింది. బొత్తాలత్త చిన్న కూతురు చెప్పుల దుకాణంలో పని చేసి సాయంత్రం బస్సులో ఇంటికొస్తుంది. పెద్దది పెళ్ళై వెళ్ళిపోయింది, ఇంట్లో ఉన్నది ఈ చిన్నదే. బొత్తాలత్త మిగిలిన బట్టతో దానికి ఒక రెయిన్‌కోటు కుట్టింది. మోకాళ్ళు దిగేట్టు, తలమీదికి ముసుగుతో. డబ్బా అంతా గాలించి, తాబేటి చిప్ప రంగులో ఒకేరకం బొత్తాలు ఏరి పెట్టింది.

"ఇంత రంగేమిటమ్మా, రోడ్డంతా నన్నే చూస్తుంది" అంది చిన్నది అద్దంలో అటూ ఇటూ తిరుగుతూ. గొణిగిందే గానీ నచ్చింది.

"చూడనీ. చీకట్లో లారీవాడికైనా కనబడతావు" అంది తల్లి. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో ఆమెకే తెలియాలి.

మొదట ఊడింది బొత్తం. నడుము దగ్గరిది. "బస్సు తలుపులో ఇరుక్కుందేమో" అంది చిన్నది. బొత్తాలత్త కోటు ఒళ్ళో వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, బొత్తం ఉండాల్సిన చోట మిగిలిన దారాన్ని వేలితో తడిమింది. పీకితే ఊడిన దారం పీచులు పీచులుగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది, కత్తిరించినట్టు. బట్ట మీద సన్నటి గీత కూడా ఉంది. ఏదో పదునైనది ఆనినట్టు.

"ఏమే, బస్సులో నీ పక్కన ఎవరు నిలబడ్డారు?"

"అందరూ నిలబడ్డారు. బస్సంటే అదే కదా."

ఇంకో బొత్తం కుట్టింది. దాదాపు అదే రంగు. కానీ ఆ రాత్రి అన్నం సరిగా సహించలేదు.

తర్వాత కొద్దిరోజులకి చిన్నది ఇంటికి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, తలుపు గడియ వేసిందో లేదో లేచి చూసుకుని వచ్చింది.

"ఎవరో వెనకే వస్తున్నారమ్మా. రోజూ. నేను ఆగితే ఆగుతున్నారు."

"ఎలా ఉంటాడు?"

"మొహం చూడలేదు. గొడుగు అడ్డం పెట్టుకుంటాడు. బూట్లు చూశాను." పొద్దస్తమానం జనం పాదాలే చూసే పిల్ల. దానికి మనిషంటే ముందు కాళ్ళే. "గోధుమ రంగు బూట్లు. ఎడమ మడమ బయటివైపు అరిగిపోయింది. అడుగేస్తే ఆ కాలు కొంచెం పక్కకి వాలుతుంది. రెండు కాళ్ళ చప్పుడు ఒకలా ఉండదు."

పోలీసు స్టేషనుకి వెళ్ళారు. "ఏం చేశాడు?" అని అడిగాడు బల్ల దగ్గర కూర్చున్నాయన. ఏం చెయ్యలేదన్నారు. "ఎలా ఉంటాడు?" బూట్లు చెప్పారు. ఆయన కలం కింద పెట్టి, "బూట్ల మీద కేసు పెట్టమంటారా అమ్మా?" అన్నాడు. పక్కనున్నవాడు నవ్వాడు.

ఇక బొత్తాలత్త తనే పూనుకుంది. సాయంత్రమయ్యేసరికి వీధి మలుపులో అరుగు మీద కూర్చుని పోయేవాళ్ళ కాళ్ళు చూడటం మొదలుపెట్టింది. ఒకరోజు గోధుమ రంగు బూట్లు వచ్చాయి. ఎడమ మడమ అరిగింది. కాలు పక్కకి వాలింది. ఆమె లేచి అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దొరికావు. పిల్ల వెనక పడటానికి సిగ్గులేదూ?"

అతను బిక్కచచ్చిపోయాడు. "అమ్మా, నేను నీళ్ళ మీటర్లు చూసుకునేవాణ్ణి. ఈ వీధికి రావడం ఇదే మొదలు. నా ఎడమ కాలు పుట్టుకతోనే పొట్టి."

వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. అతను తన సంచిలోని కాగితాలు చూపించాడు. బొత్తాలత్త ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసి, మంచినీళ్ళిచ్చి, వంద తప్పులు ఒప్పుకుంది. అతను వెళ్ళాక ఎదురింటి వదిన గుమ్మంలో చేరగిలబడి, "అయితే రేపటి నుంచి మా ఆయన్ని బూట్లు వేసుకోవద్దని చెబుతాను వదినా. ఉన్న ఒక్కగానొక్కడు" అంది.

బొత్తాలత్త కూడా నవ్వింది గానీ, నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఒక్క గుర్తు పట్టుకుని మనిషి మీద పడటం ఎంత తేలికో అప్పుడే ఆమెకి తెలిసొచ్చింది. ఆ సంగతి చెడ్డదిగా తోచింది. ఎందుకో అప్పటికింకా తెలియలేదు.

తెలిసింది ఆ వారంలోనే. చిన్నదానికి జ్వరం వచ్చి దుకాణం నుంచి మధ్యాహ్నమే ఆటోలో ఇంటికి వచ్చేసింది. వస్తూ వస్తూ, వాన పట్టుకుందని కోటు దుకాణంలోని తోటి పిల్లకిచ్చింది. మర్నాడు ఆ పిల్ల కోటు మడిచి తెచ్చి బొత్తాలత్త చేతిలో పెట్టింది. పొడుగ్గా, సన్నగా, చిన్నదానికి ఏ పోలికా లేని పిల్ల.

"ఇది నాకొద్దత్తా. నిన్న మా ఇంటి దాకా ఎవరో వచ్చారు. మా ఇల్లు వేరే వైపు కదా, ఆ బస్సే వేరు. అయినా వచ్చారు. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటే చాలాసేపు గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. తలుపు సందులోంచి ఊపిరి వినిపించింది."

బొత్తాలత్త కోటు వైపు చూసింది. కుర్చీ వీపు మీద వేలాడుతూ, ఫ్యాను గాలికి అంచు కొద్దికొద్దిగా ఆడుతోంది. రంగు, ఊపు. వాడికి తన కూతురు తెలియదు. వాడికి తెలిసింది ఇది. తను కుట్టింది.

లారీ మీద దూరాభారాలు తిరిగే మొగుడు ఫోన్లో, "పని మానిపించు, ఇంట్లో కూర్చోబెట్టు" అన్నాడు. పక్క గదిలో పడుకున్న చిన్నది ఆ మాట విన్నది. ఏడవలేదు. గోడ వైపు తిరిగి, "ఎన్నాళ్ళమ్మా?" అని మాత్రం అడిగింది. తన సొంత సంపాదన, సొంత దారి అని ఎంత మురిసిపోయే పిల్లో తల్లికి తెలుసు. ఇప్పుడు గడప దాటనివ్వకపోతే, రేపు వానాకాలం పోయినా ఆ పిల్ల గడప దాటదు.

"కోటు పొయ్యిలో పెట్టెయ్ వదినా, పీడా పోతుంది" అంది ఎదురింటి వదిన. ఈసారి హాస్యం లేదు.

"కాల్చేస్తే వాడు కోటు వెతుకుతాడు. బస్టాపులో నిలబడి ఒక్కొక్కళ్ళనీ చూస్తాడు. దొరక్కపోతే మొహాలు చూడటం నేర్చుకుంటాడు. ఇప్పుడు వాడికి మా పిల్ల మొహం తెలియదు. తెలియకుండానే అయిపోవాలి."

"ఏం చేస్తావయితే?"

బొత్తాలత్త కోటు తీసి తొడుక్కుంది. ముసుగు వేసుకుంది. తల్లీ కూతుళ్ళిద్దరిదీ ఒకే ఎత్తు. భుజాన చిన్నదాని సంచి తగిలించుకుని, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది.

"అలా కాదమ్మా" అంది చిన్నది మంచం మీది నుంచి, భయపడుతూనే. "నువ్వు బియ్యం బస్తా మోస్తున్నట్టు నడుస్తావు. నేను సంచి ఊపుతాను. తొందరగా వెళ్ళి, మలుపు దగ్గర ఒకసారి ఆగుతాను."

నేర్చుకుంది. నడుము పట్టేసినా నేర్చుకుంది. వదిన తలుపు దగ్గర కాపలా ఉండి, "వెనక నుంచి చూస్తే పెళ్ళికూతురివే, ముందుకు మాత్రం తిరక్కు" అంది.

అద్దాల తోటలో మేడానికీ, గేటు బాబాయికీ చెప్పింది. గేటు బాబాయి తోట తలుపుల మీటల దగ్గర కూర్చునే పెద్దాయన, అందరికీ బాబాయే. అంతా విని, "నువ్వు రెండో తలుపు దాటాక నాకు వదిలెయ్యి" అన్నాడు. మేడం మాత్రం, "వాడు సీతాకోక కాదత్తా" అంది.

"అదే నా భయం మేడం."

ఆ సాయంత్రం ముసురు పట్టింది. చిన్నదాన్ని ఎదురింటి వదిన ఇంట్లో ఉంచి, బొత్తాలత్త చెప్పుల దుకాణం ముందున్న స్టాపులో ముసుగు దించుకుని నిలబడింది. బస్సెక్కింది. ఎవరి వైపూ చూడలేదు. బస్సు నిండా తడిసిన బట్టల వాసన. మధ్యలో ఎక్కడో తన వీపు వెనక ఒక మనిషి చోటు మారినట్టయింది. కోటు అంచుని ఏదో తాకింది. చాలా మెల్లగా, దుకాణంలో బట్ట కొనే ముందు వేళ్ళతో నలిపి చూసినట్టు. ఆమె సంచి పట్టీని గుప్పిట బిగించి పట్టుకుంది. కదల్లేదు.

పార్కు దగ్గర దిగింది. సంచి ఊపుతూ నడిచింది. వెనక అడుగుల చప్పుడు. ఒక కాలిది ఒకలా, ఇంకో కాలిది ఇంకోలా. మలుపులో ఆగింది. చప్పుడూ ఆగింది. పార్కులో అప్పటికి జనం లేరు. తడి బెంచీలు, దీపం కింద సన్నటి వాన. ఆమెకి పరుగెత్తాలనిపించింది. చిన్నది రోజూ ఈ చప్పుడు వింటూ ఎలా నడిచిందో అనుకుంది. పరుగెత్తలేదు. సంచి ఊపడం మరిచిపోయి, గుర్తొచ్చి మళ్ళీ ఊపింది.

మొదటి తలుపు తోసుకుని ఇరుకు గదిలోకి అడుగుపెట్టింది. నిలువుటద్దంలో నారింజ కోటు కనబడింది, ముసుగు, ఊగుతున్న సంచి. ఒక్క క్షణం ఆమెకే చిన్నది ఎదురొచ్చినట్టయింది. దాని వెనక, బయటి అద్దానికి అవతల, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అప్పుడే మొదటిసారి చూసింది. శుభ్రంగా గడ్డం గీసుకున్న మనిషి, చేతిలో టిఫిను డబ్బా. ఏ ఆఫీసులోనో, ఏ లైనులోనో మన ముందు నిలబడే మనిషి.

ఆమె రెండో తలుపు దాటి లోపలికి వెళ్ళి, వెనక్కి తిరక్కుండా నిలబడింది. వెనక మొదటి తలుపు తెరుచుకున్న చప్పుడు. మూసుకున్న చప్పుడు. ఆ తర్వాత గేటు బాబాయి మీట దించిన చప్పుడు. ఇక ఆ ఇరుకు గదికి ముందుకూ వెనక్కూ దారి లేదు.

తోటలో దీపాలు మసకగా ఉన్నాయి. సీతాకోకలన్నీ ఆకుల కింద రెక్కలు ముడుచుకుని తలకిందులుగా వేలాడుతున్నాయి. బొత్తాలత్త తిరిగి, ముసుగు వెనక్కి తోసింది. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, రెండు చెంపల మీద ముడతలు. అద్దానికి అవతల మూరెడు దూరంలో వాడు.

మొహం చూసి ఉలిక్కిపడతాడనుకుంది. సిగ్గుపడతాడనో, బొంకుతాడనో అనుకుంది. వాడు మొహం వైపు చూడనే లేదు. కోటు వైపే చూస్తున్నాడు. అద్దం మీద చెయ్యి ఆనించి, కోటు అంచు ఎటు కదిలితే అటు కళ్ళు కదుపుతున్నాడు.

"ఎవరి కోసం వచ్చావు?" అంది ఆమె.

"మీరు తీసెయ్యండి. అది మీది కాదు" అన్నాడు వాడు. గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది.

"ఎవరిది?"

"ఆమెది."

"ఎవరామె? పేరు చెప్పు. ఎలా ఉంటుందో చెప్పు. కళ్ళెలా ఉంటాయి?"

వాడు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడిచి, లెక్క మరిచిపోయిన పిల్లాడిలా. తర్వాత గుప్పిట తెరిచి చూపించాడు, అదే జవాబన్నట్టు. అరచేతిలో తాబేటి చిప్ప రంగు బొత్తం. దానికి నున్నగా కోసిన దారం ముక్క ఇంకా ఉంది.

మేడం వచ్చి బొత్తాలత్త భుజం పట్టుకుంది. సీతాకోకైతే దగ్గరికొచ్చి వాసన చూసి, ఇది కాదని తప్పుకుని పోతుంది. వీడు ఇంత దగ్గరికొచ్చాడు. వేలు ఆనించి బ్లేడు పెట్టేంత దగ్గరికి. అయినా తప్పుకోలేదు.

ఈసారి పోలీసులు నవ్వలేదు. బొత్తం చూశారు, దారం చూశారు, తోటి పిల్ల చెప్పింది విన్నారు, కోటు కూడా సాక్ష్యానికి పట్టుకుపోయారు. వాడి బూట్లు గోధుమ రంగువే, ఎడమ మడమ అరిగిందే. వాడి గది వెతికితే ఒక ఆకుపచ్చ రిబ్బను, పసుపు చేతిసంచి పిడి, ఎర్ర కండువా అంచు దొరికాయి. అన్నీ నున్నగా కోసినవే. అవి ఎవరివో, ఆ మనుషులు ఎక్కడున్నారో వాడు చెప్పలేకపోయాడు. దాస్తున్నాడని పోలీసులు అనుకున్నారు. వాడికి తెలియదని బొత్తాలత్త అనుకుంది. రెండింట్లో ఏది ఎక్కువ భయమో ఆమె తేల్చుకోలేకపోయింది.

"ఎన్నాళ్ళుంచుతారు?" అని అడిగింది స్టేషనులో.

"చూద్దామమ్మా" అన్నాడు బల్ల దగ్గరాయన, కళ్ళు కిందికి దించుకుని.

చిన్నది మళ్ళీ పనికి వెళుతోంది. వెళ్ళాలనే తల్లి పట్టుబట్టింది. ఇప్పుడు బూడిదరంగు గొడుగు, వీధిలో సగం మంది దగ్గర ఉండే రకం. బొత్తాలత్త మేడానికి నారింజ బట్ట ఇంక కుట్టనని చెప్పేసింది. వేరే రంగైతే మగవి రావని మేడం అంటే, "రాకపోతే పోనీండి" అంది. తెలుసుకోవాలన్న ఆత్రం అంతగా చచ్చిపోవడం ఆమెలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఒక సాయంత్రం తోటలో పని తొందరగా ముగిసింది. బొత్తాలత్త బస్టాపుకి వెళ్ళింది, కూతురితో కలిసి నడుద్దామని. చేరేసరికి చిన్నది అప్పటికే దిగి వీధి మలుపు దాకా పోయింది. పిలిస్తే ఉలిక్కిపడుతుందని పిలవకుండా, గబగబా వెనక నడిచింది. తడి రోడ్డు మీద ఆమె అడుగుల చప్పుడు వినబడింది.

చిన్నది ఆగింది. గొడుగు పిడి మీద వేళ్ళు తెల్లబడేంతగా బిగించింది. మెల్లగా తిరిగింది. తల్లి మొహం వైపు కాదు, ముందు పాదాల వైపు చూసింది. కుడి చెప్పు, ఎడమ చెప్పు, మడమలు. చాలాసేపు చూసింది.

తర్వాత తలెత్తి, "నువ్వామ్మా" అంది.